మధ్య స్తంభం మీది పెట్టె

రాజమండ్రి,
జూన్ రెండో వారం

బాబాయ్‌కీ పిన్నికీ తులసి నమస్కారాలు.

మూడు స్తంభాలకూ పెట్టెలు బిగించి వచ్చి వారం దాటింది. ఆ రోజు ఎండలో నీకు ఏమీ సరిగ్గా చెప్పలేదు. నువ్వూ అడగలేదు. "మా అన్న కూతురు ఏదో బిగిస్తందిలే" అని రేవులో వాళ్లకి చెప్పి ఊరుకున్నావు. అందుకని ఇప్పుడు రాస్తున్నాను. సగం చదివి పిన్ని చేతిలో పెట్టకుండా మొత్తం చదువు.

మన పాయ మీది రైలు వంతెన తాతయ్య పుట్టకముందుది. పెద్ద వంతెనలైతే ఖరీదైన యంత్రాలు పెట్టి చూసుకుంటారు. ఇలాంటి చిన్నవాటిని ఎవరో ఒకరు అప్పుడప్పుడు వచ్చి కంటితో చూసి పోవాల్సిందే. మేం తయారుచేసిన పెట్టె ఒక మామూలు సెల్‌ఫోన్ ఖరీదులో అయిపోతుంది. వైర్లు అక్కర్లేదు. బండి వెళ్లినప్పుడల్లా స్తంభం ఎంత వణికింది, ఎంత ఒరిగింది, మళ్లీ నిటారుగా నిలబడిందా లేదా అన్నది కొలిచి మీ ఇంట్లో పెట్టిన తెల్ల డబ్బాకి పంపుతుంది. అక్కడినుంచి నా దగ్గరికి రావడానికి రేవులో ఫోన్ సిగ్నల్ ఉంటే కదా! కాబట్టి పదిహేను రోజులకోసారి డబ్బాలోని చిన్న కార్డు తీసి, నేను పంపే ఖాళీ కార్డు పెట్టి, పాతది కవరులో వేసి బస్సు కండక్టరుకి ఇవ్వు. కవరులో చోటు ఎలాగూ మిగులుతుంది. నాలుగు ముక్కలు రాసి అందులో పడెయ్యి. ఫోన్‌లో అయితే నువ్వు "ఆ, ఆ, సరే" తప్ప ఇంకో మాట మాట్లాడవు.

ఒకటో నంబరు పెట్టె గట్టు పక్క స్తంభం మీద ఉంది. రెండోది దాని తర్వాత స్తంభం మీద. మూడోది నది మధ్యలో స్తంభం మీద. అసలు పరీక్షంతా ఆ మధ్య స్తంభానికే. పోయినేడు వరద తర్వాత దాని మీద అనుమానం వచ్చే, బండి వంతెన మీద మనిషి నడకన వెళ్లాలని ఆర్డరు వేశారు. ఈ వరదకి అది కదలకుండా ఉంటే ఆ ఆర్డరు ఎత్తేస్తారు. పెట్టెలు బాగా పనిచేస్తే డెల్టాలో ఉన్న చిన్న వంతెనలన్నిటికీ ఇవే పెట్టిద్దామని మా సత్యప్రసాద్ సారు అంటున్నారు. ఈ పనికంతా ఆయనే పెద్ద. నేను చదువు అయిన దగ్గర్నుంచీ ఈ ఒక్కదాని మీదే కూర్చున్నాను బాబాయ్. ఇది పోతే నా దగ్గర ఇంకేం లేదు.

వరదలొస్తాయి. పెట్టెలు జాగ్రత్త. లోపలి చిప్పు పాడైతే కొత్తది రావడానికి నెలలు పడుతుంది.

నీ అన్న కూతురు,
తులసి


కట్టలరేవు,
జూన్ ఆఖరు

మా ఇంజనీరమ్మకి బాబాయి దీవెనలు.

కార్డు తీశాను, కార్డు పెట్టాను. మీ పిన్ని పక్కనే నిలబడి "ఏంటి, చెయ్యి వణుకుతంది, అది పీత కాదు కరవడానికి" అని ఎగతాళి చేసింది. తెల్ల డబ్బా క్షేమంగా ఉంది. పెద్దింట్లమ్మ వదిన దానికి బొట్టు పెట్టింది. వద్దంటే వింటుందా? "కరెంటు తాగేదానికి కుంకుమ ఏం బరువురా" అంది. తుడిచేశాను, మర్నాటికి మళ్లీ ఉంది. ఇక వదిలేశాను.

రేవులో ఆడవాళ్లందరికీ ఒకటే ప్రశ్న. బండి ఎప్పుడు పరిగెడుతుంది? నీకు తెలియనిది కాదు, వీళ్లంతా చేపల గంపలతో పొద్దుటి ప్యాసింజరు ఎక్కి రాజమండ్రి మార్కెట్టుకి వస్తారు. బండి వంతెన మీద పెళ్లికూతురిలా నడిచి, అవతల ఎదురు బండి కోసం ఆగి, మార్కెట్టుకి చేరేసరికి హోటళ్ల వాళ్లు కొనుక్కుని పోయి ఉంటారు. ఐసు కరిగిన చేపని ఎవరు చూస్తారు? మీ పిన్ని రోజూ సగం గంప తిరిగి తెస్తోంది. మేం రోజూ చేపల కూరే తింటున్నాం. నాకు కంది పప్పు మీద బెంగ పుట్టింది.

"తులసి చదువు దేనికైనా పనికొచ్చిందో లేదో ఈ బండే చెబుద్ది" అంటోంది మీ పిన్ని. కాబట్టి నీ పెద్ద పరీక్ష సత్యప్రసాద్ గారి దగ్గర కాదు, ఇక్కడ.

పెట్టెల సంగతి నాకు వదిలెయ్యి. నా కళ్లలో పెట్టుకుని చూసుకుంటాను.

బాబాయి,
పెద్దిరాజు


రాజమండ్రి,
జూలై

బాబాయ్,

కార్డు చూశాం. గట్టు పక్క స్తంభం కొయ్యబొమ్మ, కదలదు. మధ్యది మాత్రం బండి వెళ్లినప్పుడు మిగతావాటికంటే కాస్త ఎక్కువ ఊగుతోంది. మళ్లీ సరిగ్గా నిలబడుతోంది కాబట్టి కంగారు లేదు. వరదలో అడుగున మట్టి కోసుకుపోతే అప్పుడూ ఇలాగే నిలబడుతుందా అన్నదే తేలాలి.

పైన భద్రాచలం దగ్గర నీళ్లు పెరుగుతున్నాయని టీవీలో చెబుతున్నారు. మీరు జాగ్రత్త. పిన్ని పంపిన ఎండు మెత్తళ్లు ముట్టాయి. హాస్టల్లో వేయిస్తే వార్డెన్ వచ్చి తిట్టింది, తర్వాత తనకీ పెట్టమంది.

తులసి


కట్టలరేవు,
ఆగస్టు మొదట్లో

తులసీ,

ఎర్ర నీళ్లు వచ్చాయి, పోతున్నాయి. గుర్రపుడెక్క, దుంగలు, ఎవరి గడ్డిమేటో ఒకటి, అన్నీ మన వంతెన కిందనుంచే సముద్రానికి ప్రయాణం. ఒక దుంగ మధ్య స్తంభానికి కొట్టుకున్న చప్పుడు రేవుదాకా వినిపించింది. రేవులో అందరం గట్టు మీద బడిలో ఉన్నాం. బండి కూడా కొన్ని రోజులు ఆపారు. ఇప్పుడు మళ్లీ నడుస్తోంది, నడకే.

నీ డబ్బాని బ్యాటరీతో సహా బడికి తెచ్చి బీరువా మీద పెట్టాను. అందరి సామానుతోపాటు నీ సామానూ క్షేమం. పెట్టెలకి చుక్క తడి తగల్లేదు. ఇంతకన్నా ఏం చెయ్యమంటావు? కార్డు ఇందులోనే ఉంది.

మన పడవ పక్క చెక్క ఊడింది. మీ పిన్నికి జలుబు. మిగతాదంతా కులాసా.

బాబాయి


రాజమండ్రి,
ఆగస్టు మూడో వారం

బాబాయ్! పిన్నీ!

మధ్య స్తంభం కదల్లేదు! వరద మొత్తం మీద కొయ్యబొమ్మలా నిలబడింది. ముందుకన్నా బాగుంది. కార్డు చూడగానే నాకు ఏడుపొచ్చింది. సత్యప్రసాద్ సారు ఎప్పుడూ నవ్వరు, ఆయన కూడా నవ్వి లాబ్‌లో అందరికీ టీ చెప్పారు. నీళ్లు ఇంకా మట్టిమట్టిగా ఉన్నాయి కాబట్టి కిందికి దిగి చూడడం కుదరదు, మీ లెక్కల మీదే వెళ్తాం అని రైల్వే వాళ్లు అన్నారు. రిపోర్టు నేనే రాశాను. కింద సంతకం నాది. వచ్చే నెల మొదటి నుంచి బండి మామూలు స్పీడుతో వెళ్తుంది.

పిన్నికి చెప్పు, నా చదువు పనికొచ్చిందని.

మీ తులసి


కట్టలరేవు,
సెప్టెంబరు

మా తల్లి తులసికి,

బండి పరిగెత్తింది! వంతెన మీద ఆ చప్పుడు విని ఎన్నాళ్లయింది! మొదటి రోజు రేవులో పిల్లా జెల్లా గట్టెక్కి చూశారు. మీ పిన్ని గంప ఖాళీ చేసుకుని మధ్యాహ్నానికే ఇంటికొచ్చింది. పులస పడితే దాన్ని కూడా మంచి ధరకి అమ్మింది. వచ్చేటప్పుడు నాకు కంది పప్పు తెచ్చింది. నా జన్మ ధన్యమైంది. పెద్దింట్లమ్మ వదిన నీ పేరు మీద అన్నవరంలో వ్రతం చేయిస్తానంటోంది. నువ్వు రావాలట.

ఒక్కటే నాకు అర్థం కాలేదు. రిపోర్టు మధ్య స్తంభం గురించి రాశానన్నావు. మూడో నంబరు పెట్టెని వరదకి ముందే నేను విప్పేశాను కదా. నీళ్లు దాని అంచు దాకా వస్తాయని పడవ ఇంజను రెంచి పట్టుకెళ్లి విప్పి, తెచ్చి గట్టు పక్క స్తంభానికి ఒకటో నంబరు పైన గట్టిగా బిగించాను. నీళ్లు తీశాక మళ్లీ పెడదామనుకున్నాను. ఈలోగా నీ ఉత్తరం వచ్చింది, లెక్కలు బ్రహ్మాండంగా వచ్చాయని. సరే, దానికి అక్కడే బాగున్నట్టుంది, కదిలించడం దేనికని వదిలేశాను. మధ్య స్తంభం సంగతి మీకు ఇంకో రకంగా తెలుస్తుంది కాబోలు.

మర్చిపోయాను, తెల్ల డబ్బా మూత కొంచెం వదులైంది. రబ్బరు బ్యాండు వేశాను.

బాబాయి,
పెద్దిరాజు


రాజమండ్రి,
నీ కవరు అందిన రోజే

బాబాయ్,

ఇంకో రకంగా ఏమీ తెలియదు. ఆ పెట్టె ఎక్కడుంటే దాని సంగతే చెబుతుంది. వరద మొత్తం అది గట్టు స్తంభం మీద కూర్చుని గట్టు స్తంభం సంగతే చెప్పింది. దాన్ని నేను మధ్య స్తంభం అని రాసి సంతకం పెట్టాను. మధ్య స్తంభం ఎలా ఉందో ఇవాళ ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. దాని మీదనుంచే బండి పరిగెడుతోంది.

నీకు ఫోన్ కలవలేదు. కలిసినా పక్కన నలుగురూ వినే మాట కాదిది. ఒకటి అడుగుతాను. పిన్ని బేరం కోసం చేశావా? బండి త్వరగా కదలాలని? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అలా కాదని చెప్పు, నమ్ముతాను.

నాదీ తప్పుంది. ఆ పెట్టె నీళ్లలో మునిగినా ఏం కాదు, లోపలే దాచుకుని తేలాక పంపుతుంది. ఆ మాట నీకు చెప్పలేదు. పైగా ఒకటో పెట్టె, మూడో పెట్టె కవల పిల్లల్లా కదులుతుంటే నాకు అనుమానం రావాలి. రాలేదు. అనుమానపడాలని నాకు లేదు కాబట్టి.

కవరు ముట్టగానే పెట్టెని మధ్య స్తంభానికి బిగించు. కొన్ని రోజులు బళ్లు తిరిగాక కార్డు పంపు. అది చూశాక ఇక్కడ చెబుతాను. అంతవరకు నోరు విప్పకు. స్తంభం బాగానే ఉందనుకో, చెప్పాల్సిన అవసరమే రాదు. రిపోర్టు తప్పని ఇప్పుడు నేనే చెబితే ఈ పెట్టెలని ఇక ఎవరూ దగ్గరికి రానివ్వరు. నన్నూ రానివ్వరు.

తులసి


కట్టలరేవు,
సెప్టెంబరు, బుధవారం

తులసీ,

పెట్టె మధ్య స్తంభం మీద బిగించాను. ఆ పని అయ్యాకే కలం పట్టుకున్నాను.

నువ్వడిగినదానికి జవాబు. ఆ బండిలో రోజూ పోయేది మీ పిన్ని. స్తంభం బాగోలేదని నాకు తెలిస్తే గంపెడు చేపల కోసం దాన్ని ఆ బండి ఎక్కిస్తానా? ఎంత మాటన్నావమ్మా. రెండు రోజులు అన్నం సయించలేదు.

నువ్వు పెట్టె జాగ్రత్త అన్నావు. స్తంభం జాగ్రత్త అనలేదు. వరదొస్తే మేం ఏం చేస్తాం? మేకని, బియ్యం డబ్బాని, వలలని, ముసలాళ్లని మెరకకి చేరుస్తాం. ఏ వస్తువైనా నీళ్లకి వదిలేసి ఊరుకోవడం మా చేతకాదు. నీ పెట్టెని కూడా అలాగే చేర్చాను. కొండ నాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టయింది. దాని ఉద్యోగమే నీళ్లలో నిలబడడమని నాకేం తెలుసు?

సరే, తర్వాత సంగతి విను. నోరు విప్పొద్దన్నావు, విప్పలేదు. కానీ మీ పిన్నిని మాత్రం బండి ఎక్కనివ్వలేదు. "నడుం నొప్పన్నావుగా, బస్సులో పో" అన్నాను. మొదటి రోజు వెళ్లింది. రెండో రోజు గంప కిందికి దించి నా ఎదురుగా కూర్చుంది.

"నీ మొహం చూస్తే కుండ పగలగొట్టినోడిలా ఉంది. ఏంటి సంగతి?"

చెప్పేశాను. ఆమె దగ్గర దాచడం నావల్ల ఎప్పుడైంది? తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గంప అంచు పట్టుకుని, "నన్నొక్కదాన్ని దించేస్తే ఆ వంతెన మీద బరువు తగ్గుద్దా?" అంది.

నాకు సిగ్గేసింది తులసీ. పెళ్లాన్ని దించి పెద్దింట్లమ్మ వదినని ఎక్కనిచ్చాను. రేవులో ఆడవాళ్లందరినీ ఎక్కనిచ్చాను. గట్టు మీద నిలబడి చూశాను కూడా.

మీ పిన్ని వాళ్లకి చెప్పింది. వాళ్లు నవ్వారు. "నిన్న బాగున్న వంతెన ఇవాళ పాడైపోయిందా? పెద్దిరాజుకి ఆ డబ్బా పక్కన పడుకుని మతి పోయింది" అన్నారు. అప్పుడు ఇద్దరం స్టేషనుకి వెళ్లాం. మాస్టారు ఉదయ్‌కుమార్ గారు మంచాయనే. కూర్చోబెట్టి విన్నారు. పైవాళ్లకి ఫోన్ చేశారు. చివరికి ఏమన్నారంటే, "చూడండి పెద్దిరాజు గారూ, ఒక ఇంజనీరు రాసిన కాగితం మీద స్పీడు పెంచారు. మీరు నోటితో చెబితే ఆపలేరండి. ఆ అమ్మాయినే రాసిమ్మనండి, వెంటనే ఆగుద్ది."

అంటే బండి నీ సంతకం మీద పరిగెడుతోంది. నీ సంతకం మీదే ఆగాలి.

ఇంకొక్క మాట. మీ పిన్ని రేపు పొద్దుటి బండి ఎక్కుతుంది. నేను బతిమాలాను, అరిచాను. "అందరూ పోతుంటే నేనొక్కదాన్నే బస్సులో కూర్చోలేను. తులసి రాసిచ్చేదాకా బండిలోనే పోతాను" అంటోంది. నీ మీద పంతం కాదు. ఆవిడ మనసు అంతే.

కార్డులో నాలుగు రోజుల లెక్కే ఉంది. చాలకపోతే నేనేం చెయ్యలేను.

బాబాయి


రాజమండ్రి,
బుధవారం సాయంత్రం

బాబాయ్,

కవరు బస్టాండులోనే చింపి చదివాను. కార్డు అందులోనే ఉంది. లాబ్ పది నిమిషాల దూరం. ముందు కార్డు చూద్దామా అని ఒక క్షణం అనిపించింది, నీ దగ్గర దాచను. కానీ అది బాగుందని చెబితే నేను మళ్లీ నోరు మూసుకుంటానని నాకే భయం వేసింది. అందుకని కార్డు బ్యాగులో పడేసి తిన్నగా రైల్వే ఆఫీసుకి వెళ్లి, అక్కడే బల్ల మీద కూర్చుని రాశాను. వరదలో మూడో పెట్టె మధ్య స్తంభం మీద లేదు, నేను సరిచూసుకోకుండా రిపోర్టు ఇచ్చాను, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను అని. సంతకం పెట్టాను.

బళ్లు ఆపేశారు. రేపు పొద్దుటి ప్యాసింజరు రాదు. ఈ కవరు రాత్రి బస్సుకే ఇస్తున్నాను, పిన్నికి చెప్పు.

ఆ తర్వాత లాబ్‌కి వెళ్లి కార్డు చూశాను. బాబాయ్, మధ్య స్తంభం బండి వెళ్లినప్పుడు ఒరుగుతోంది, తిరిగి నిటారుగా రావట్లేదు. ప్రతి బండికీ కాస్త కాస్త. నాలుగు రోజులు చాలు, చిన్నపిల్లకైనా తెలుస్తుంది. రేపు పిన్ని ఎక్కబోయింది ఆ బండే, ఆడవాళ్లంతా రోజూ పోయిందీ అందులోనే. నోరు విప్పకు అని రాసింది నేను. నిన్ను దొంగ అన్నాను. నన్ను క్షమించు.

సత్యప్రసాద్ సారు గంటసేపు అరిచారు. మిగతా వంతెనల మాట ప్రస్తుతానికి పక్కన పెట్టారట. రైల్వే వాళ్లు నా మొహం కూడా చూడట్లేదు. పెట్టె అబద్ధం చెప్పలేదు, దాన్ని చూడకుండా దాని మాట మనం చెప్పాం అన్నారు సారు వెళ్తూ వెళ్తూ. నేనిక ఈ పనిలో ఉంటానో లేదో తెలియదు. ఉన్నన్నాళ్లూ ప్రతి పెట్టెనీ వెళ్లి చేత్తో తాకి వస్తాను.

బరువు తగ్గుద్దా అని పిన్ని అన్న మాట నేను అనాల్సింది.

తులసి


కట్టలరేవు,
అక్టోబరు ఆఖరు

తులసికి బాబాయి రాసేది,

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే మంచి మాట ఒక్కటీ లేక. బండి ఆగిన దగ్గర్నుంచీ రేవులో మాతో ఎవరూ మాట్లాడలేదు. బస్సులో గంపలు ఎక్కించుకోరు. ఆటోకి ఇస్తే మిగిలేది లేదు. "పెట్టెలు పెట్టి బండి పరిగెత్తించారు, పెట్టెలు పెట్టే బండి ఆపించారు. మా నోట్లో మట్టి కొట్టారు" అని పెద్దింట్లమ్మ వదిన రేవులో అందరి ముందూ అంది. మీ పిన్ని వెళ్లి నీళ్లు పట్టుకుంటే పక్కకి జరిగేవారు. మేం మాత్రం ఏం చెబుతాం? జరగనిదాన్ని ఎలా చూపిస్తాం?

మొన్న నీళ్లు తేటపడ్డాయని రైల్వే వాళ్లు నీళ్లలోకి దిగే మనుషుల్ని తెచ్చారు. నా పడవే మాట్లాడుకున్నారు. మధ్య స్తంభం దగ్గర ఒకతను దిగి, చాలాసేపటికి పైకొచ్చి, పడవ గెడ ఇమ్మన్నాడు. కింది కొస అతను పట్టుకుని స్తంభం అడుగుకి ఆనించాడు. ముందే చెప్పినట్టు నేను పైనుంచి తోశాను. నేల తగలాలి కదా? తగల్లేదు. స్తంభం కిందికి గెడ అలా వెళ్తూనే ఉంది. నా చెయ్యి నీళ్లకి తగిలేదాకా వెళ్లింది. స్తంభం కింద ఒక పక్కంతా మట్టి లేదు తులసీ. ఖాళీ. పడవలోనే కూలబడి ఏడ్చాను.

ఇంటికొచ్చి మీ పిన్నికి చెప్పాను. ఆవిడ కొంగు దోపుకుని రేవులోకి వెళ్లి, మాట్లాడని వాళ్లందరినీ పేరుపేరునా పిలిచింది. "రండి, వచ్చి చూసి తర్వాత తిట్టండి" అంది. ఏం అనుకున్నారో, వచ్చారు. ఆ రైల్వే మనుషుల్ని బతిమాలి పడవలో తీసుకెళ్లాను. పెద్దింట్లమ్మ వదినే ముందు గెడ అందుకుంది. తోసింది. ఇంకా తోసింది. వెనక్కి లాగి పక్కావిడకి ఇచ్చింది. ఒకళ్ల తర్వాత ఒకళ్లు అందరూ తోసి చూశారు.

తిరిగొచ్చేటప్పుడు దారంతా నాకు ఇంజను చప్పుడు వినిపించింది. ఎప్పుడూ వాళ్ల గోలకి అది వినిపించదు.

గట్టెక్కాక వదిన చీర అంచు పిండుకుంటూ నా వైపు చూడకుండా అడిగింది. "పెద్దిరాజూ, ఆ మూడో పెట్టె ఇప్పుడెక్కడుంది?"

"మధ్య స్తంభం మీదే ఉంది వదినా."

"అక్కడే ఉండనీ. ఎవడొచ్చి తీస్తాడో నేనూ చూస్తాను," అంది.

బాబాయి,
పెద్దిరాజు